వెంటబడిన నీళ్లు

నేను చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధముంటే గుత్తి కోట నా నెత్తిన పడనీ. ఇంతవరకూ పడలేదు గదా, ఇంక విను.

కోట కింద రామక్కకు రెండు గదులు. ఐదేండ్లుగా శనక్కాయ చేతికి రాక, కోట చూసేదానికి వచ్చేవాళ్లకు అవి అద్దెకిచ్చి బతుకుతాంది. పొద్దున్నే సంగటి కెలికేది, వారానికొకసారి వచ్చే కొళాయి నీళ్లు డ్రమ్ములకు పట్టుకునేది, గదులూడ్చేది. మనుషుల్ని పంపేది టూరు ఏజెంటు రవికుమార్, వాకిట్లో గదుల బోర్డు కొట్టిందీ ఆయనే.

ఆ ఆదివారం బెంగుళూరు నుంచి వేణుగోపాల్ ఐదుగురిని వెంటేసుకొని దిగినాడు. దిగంగానే నూటా ఎనిమిది వంకలు. సంగటి నల్లగా ఉందంట, ఎండ ఎక్కువంట!

"స్నానం ఆ పాదుల కాడ చెయ్యి నాయనా, నీళ్లు చెట్లకు పోతాయి," అనింది రామక్క.

"మీ తోట తడపడానికా మేం వచ్చింది?" అని వేణుగోపాల్ వీధి బండమీద నిలబడి రెండు డ్రమ్ములూ కుమ్మరించుకున్నాడు. వారం నీళ్లు మురుక్కాలవ పాలు!

రామక్క నోరు తెరిచిందో లేదో, వేణుగోపాల్ ఫోను కలిపి ఆమె చేతికిచ్చినాడు. రవికుమార్ ఫోనులో కస్సుమన్నాడు. "వాళ్లు మెచ్చకపోతే నీ బోర్డు పీకేస్తా అక్కా. ఇంక ఎవుర్నీ పంపను."

బోర్డు పోతే కూలికి పోవాల్సిందే. రామక్క ఖాళీ డ్రమ్ములు బోర్లించి లోపలికి పోయింది.

నీళ్లు ఊరుకోలేదు. వేణుగోపాల్ కోటకు బయలుదేరంగానే కాలవలోంచి లేచి, ఒళ్లు దులుపుకొని, గొర్రెపిల్ల మాదిరి వెనకాలే నడిచినాయి. ఆయన నిలబడితే నిలబడినాయి, మెట్లెక్కితే ఎక్కినాయి. టీ అంగడి ఓబులేసు పక్కకు జరిగి దావ ఇచ్చినాడు. "ఎవురి నీళ్లప్పా ఇవి? బలే ఉండాయే."

వేణుగోపాల్ కోట మీదనుంచే రవికుమార్‌కు ఫిర్యాదు చేసినాడు. లక్ష మెట్లు దిగి, బూట్లు చిత్తడై, రామక్క గడపలో కూలబడినాడు.

"వీటిని ఏం చేయమంటారమ్మా?"

"ఊరికే పారబోసినావు గదప్పా. పని చూపించేదాకా అవి నిన్ను విడవవు. బెంగుళూరికీ వస్తాయి, పడకలోకీ వస్తాయి." పార చేతికిచ్చింది.

ఆయనొక పాదు తవ్వినాడు. చాల్లేదు. మిగతా ఐదుగురూ ప్యాంట్లు పైకి మడిచి దిగినారు. ముప్పై పాదులు! దొడ్లోకి పోయే మంద మాదిరి నీళ్లు వరసగా పోయి పండుకున్నాయి. తెల్లారేసరికి సొరకాయలు, ఒకదాన్ని మోసేదానికి ఇద్దరు చాల్లేదు. వేణుగోపాల్ బొబ్బల చేతుల్తోనే ఆ నల్ల సంగటి మూడు ముద్దలు మింగినాడు.

అప్పుడే సుత్తి పట్టుకొని రవికుమార్ వచ్చె.

"పీకకండి," అని వేణుగోపాల్ బోర్డుకు అడ్డం నిలబడినాడు. "నెలనెలా మా ఆఫీసువాళ్లు ఆరుగురు వస్తారు. ఈ గదులే కావాలి."

"పారలు మీరే తెచ్చుకోవల్ల," అనింది రామక్క. ఆ సుత్తితోనే రవికుమార్ చేత ఇంకో పలక కొట్టించింది: మనిషికి ఒక బకెట్, ఒక పాదు.

ఇప్పుడా గదులు కావాలంటే మూడేండ్లు ముందే చెప్పాల.

నమ్మవా? వచ్చేటప్పుడు కాళ్లు కడుక్కున్నావు గదా, వెనక్కి చూడు. గడపలో నిలబడుకోనుండాయి పాపం. లెయ్, ఆ వంగచెట్ల కాడికి తోలుకొని పో.