వారానికి ఒకటి

దర్జీ పనిలో ఆమెకు కంటికొలత తప్పదని పేరు. మనిషి గుమ్మంలో నిలబడగానే నడుమెంతో, భుజమెంతో చెప్పేయగలదు. టేపు పట్టడమంటే వచ్చినవాళ్ళ తృప్తి కోసమే. ఇంటి ముందుగదే కొట్టు. రెండు మిషన్లు, ఒక కోతబల్ల, గోడకు ఆనించిన నీలం గుడ్డ తానులు. బడి తెరిచే రోజులొస్తే యూనిఫారాలతో ఆ గదిలో అడుగు పెట్టడానికి చోటుండదు. అలాంటి మనిషి సొంత కూతురికి మాత్రం రెండేళ్ళుగా టేపు పట్టలేదు. ఉజ్జాయింపుగా రెండంగుళాలు వదిలి కుట్టేది, చాలకపోతే పక్క కుట్లు విప్పేది. పదకొండేళ్ళ ఆ పిల్ల టేపు కనబడితే చాలు, స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకునేది.

ఇంట్లో ఆ పిల్లను చిట్టి అంటారు. నెలలు నిండకుండా పుట్టింది, అప్పుడు కిలోన్నర. నెలరోజులు గాజుపెట్టెలో ఉంచి ఇంటికి పంపుతూ నర్సు, "ఎంత పట్టగలిగితే అంత పట్టమ్మా, గ్రాము పెరిగినా గొప్పే" అంది. తల్లి ఆ మాటను వేదవాక్కులా పట్టుకుంది. రెండేళ్ళకు పిల్ల తోటివాళ్ళతో సమానమైంది. నాలుగేళ్ళకు వాళ్ళను దాటేసింది. పెట్టే చెయ్యి మాత్రం ఆగలేదు.

ఆ ఏడు బడిలో పిల్లలందరినీ పరీక్షించి, కొందరి చేతికి చీటీలిచ్చి పంపారు. చిట్టికీ ఒకటొచ్చింది. పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించి, పొట్టకు స్కానింగ్ చేయించి, కాగితాలు ముందేసుకుని నిదానంగా చెప్పింది.

"లివర్‌లో కొవ్వు చేరిందమ్మా. షుగరు ఇంకా జబ్బు కాలేదు గానీ గీత దగ్గరికొచ్చి నిలబడింది. విటమిన్ డి బాగా తక్కువుంది. దానికి ఈ మాత్ర, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. ఇది ఆ లోటు పూడ్చడానికే. బరువు తగ్గించే మందు కాదు. తియ్యటి పానీయాలు మాన్పించండి, రోజూ గంటసేపు పిల్ల ఒళ్ళు కదలాలి, తొందరగా పడుకోవాలి."

ఇన్ని మాటల్లో దర్జీ చెవికెక్కింది ఒక్కటే, మాత్ర. మిగతావన్నీ తను చేయవలసినవి. మాత్ర ఒక్కటే తనంతట తాను పనిచేసేది.

అదే వారంలో వదిన వచ్చింది. భర్తకు అక్క, బ్యూటీ పార్లర్‌లో పని. తీరిక వేళల్లో ఏవో ఆరోగ్యపు పొడుల డబ్బాలు అమ్ముతూ ఉండేది. బల్లమీద గుడ్డలు పక్కకు తోసి ఒక పెద్ద డబ్బా పెట్టింది.

"ఇది పాలల్లో కలిపి రెండుపూటలా పట్టు. ఒంట్లో మంట రాజేస్తుందే, తిన్నది తిన్నట్టు కరిగిపోతుంది. ఆర్నెల్లుగా నేనూ తాగుతున్నాగా!"

ఆ ఆర్నెల్లలో వదిన బట్టలు ఒక్క అంగుళమైనా లోపలికి పట్టాల్సిన పని పడలేదని దర్జీకి తెలుసు. అయినా ఆశ ముందు అంగుళాలెంత? డబ్బా అందుకుంది. చెంచా అని రాసున్న చోట రెండు చెంచాలు వేసింది. చిట్టికి ఆ పాలు నచ్చాయి, ఎందుకంటే తియ్యగా ఉన్నాయి.

మాత్ర విషయంలో ఇంకో ఆలోచన వచ్చింది. వారానికొకటి వేస్తేనే మంచిదైతే, రోజు విడిచి రోజు వేస్తే ఇంకెంత మంచిదో! లిఫ్టులు బాగుచేసే భర్త ఒకసారి అడిగాడు.

"డాక్టరమ్మ వారానికే కదా చెప్పింది?"

"వాళ్ళు ఊరందరికీ ఒకే మాట చెప్తారు. మన పిల్ల సంగతి వాళ్ళకేం తెలుసు? ఇదేమన్నా విషమా, విటమినేగా."

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే ఇల్లాలితో వాదం ఆయన పెళ్ళయిన ఏడాదికే మానేశాడు. ఆమె పాత చీటీనే చూపించి మందుల కొట్లో మళ్ళీ మళ్ళీ మాత్రలు తెచ్చింది.

అయిదో వారానికి చిట్టి కంచం ముందు కూర్చుని కెలకడం మొదలుపెట్టింది. ఆకలి లేదంది. ఆరో వారానికి రెండు కిలోలు తగ్గింది. దర్జీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వదినకు ఫోన్ చేసి, "మీ చెయ్యి మంచిది వదినా" అని పొగిడింది. పిల్ల సీసాలకు సీసాలు నీళ్ళు తాగుతోందనీ, దొడ్డికి సరిగా వెళ్ళడం లేదనీ, సాయంత్రం ఆరింటికే మంచమెక్కుతోందనీ గమనించింది గానీ, ఒంట్లో చెత్తంతా కరిగిపోతుంటే ఆ మాత్రం నీరసం ఉండదా అనుకుంది.

ఏడో వారంలో బడి నుంచి ఫోనొచ్చింది. చిట్టి తరగతిలో రెండుసార్లు వాంతి చేసుకుని, బల్లమీద తల వాల్చి లేవడం లేదట.

ఆసుపత్రిలో రక్తం తీసిన గంటకే సెలైను ఎక్కించారు. డాక్టరమ్మ తండ్రిని పిలిచి, "ఇంట్లో పిల్ల నోట్లోకి పోతున్నవన్నీ ఒక సంచీలో వేసుకుని రండి. ఖాళీ అట్టలతో సహా" అంది. ఆయన తెచ్చి బల్లమీద గుమ్మరించాడు. ఆమె డబ్బా తిప్పి అక్షరాలు చదివింది, మాత్రల అట్టలు ఒకదాని పక్కన ఒకటి పరిచింది.

"ఇవెన్నాళ్ళకొకటి వేశారమ్మా?"

దర్జీ ఖాళీ అట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది. మంచంమీది నుంచి చిట్టే చెప్పింది, "రోజు విడిచి రోజు." ఆ గొంతులో ఫిర్యాదు లేదు. అడిగారు కాబట్టి చెప్పింది.

"వాంతులు, నీరసం, దాహం ఈ మాత్రల వల్లే" అంది డాక్టరమ్మ. "డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఆలస్యం చేస్తే కిడ్నీలకు దెబ్బ. కొన్ని విటమిన్లు ఎక్కువైతే ఒంట్లోంచి బయటికి పోతాయి. ఇది అలా పోదు, కొవ్వులో దాక్కుంటుంది. ఇక ఈ పొడి. దీంట్లో మూడో వంతు పంచదారే. ఇదిగో, రాసే ఉంది. షుగరు పోయినసారికంటే పెరిగింది."

"మంచిదని..." అంది దర్జీ.

"తెలుసమ్మా. చంపుదామని ఎవరూ వెయ్యరు."

ఆ మాటకు దర్జీకి తల కొట్టేసినట్టయింది. పిల్ల పక్కన భర్తను కూర్చోబెట్టి, డబ్బా చంకలో పెట్టుకుని తిన్నగా పార్లర్‌కు వెళ్ళింది. వదిన వెనకగదిలో తువ్వాళ్ళు మడతపెడుతోంది. పక్కన గాజుగ్లాసులో అదే పొడి కలిపిన పాలు, సగం తాగినవి.

"పిల్లను ఆసుపత్రి పాలు చేశారు గదా వదినా!" అని ఒంటికాలి మీద లేచింది దర్జీ. "కరిగిపోతుందన్నారు. కరుగుతోంది, నా ప్రాణం కరుగుతోంది. ఇది పంచదార! చదవకుండా ఎలా అమ్మారు?"

వదిన మొహం పాలిపోయింది. "పిల్లకేమైంది? ముందది చెప్పవే."

దర్జీ చెప్పింది. వదిన కళ్ళజోడు వెతుక్కుని, డబ్బాను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి మొదటిసారి ఆ చిన్న అక్షరాలు చదివింది. చాలాసేపు పట్టింది.

"నాకు అమ్మినామె చెప్పింది, నేను నీకు చెప్పాను" అంది చివరికి. "నేను తాగేదే నీకిచ్చానే. నా మేనకోడలికి చెడు చేస్తానా?"

అంతవరకూ ఉరుముతున్న దర్జీ గోడకున్న స్టూలు మీద కూలబడింది. తను చెప్పిన కథలో ఒక ముక్క లేదని తనకు తెలుసు.

"వాంతులు దీనివల్ల కాదు వదినా. మాత్రల వల్ల. వారానికొకటి అంటే నేను రోజు విడిచి రోజు వేశా. ఎవరూ చెప్పలేదు, నేనే వేశా."

వదిన ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత గ్లాసులోని పాలు సింకులో పారబోసి, డబ్బాలు కొన్నవాళ్ళ పేర్లున్న పుస్తకం తీసింది. పదకొండుమంది. అందులో ఆరుగురు పిల్లల కోసం కొన్నవాళ్ళు. దర్జీ పక్కనే కూర్చుంది, వదిన ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "నేను తెలియక అమ్మాను, ఆ పొడి ఆపేయండి" అని అదే మాట. ఒకాయన తిట్టాడు. ఒకామె, మావాడికి బాగానే పనిచేస్తోందని ఫోన్ పెట్టేసింది. ఆ ఒక్కామె ఇంటికి మర్నాడు వదిన స్వయంగా వెళ్ళింది.

చిట్టి అయిదు రోజులకు ఇంటికొచ్చింది. కాల్షియం సర్దుకోవడానికి ఇంకో నెల పట్టింది. పాలల్లోనూ కాల్షియం ఉంటుందని ఆ నెలంతా అవి కూడా కొలిచే ఇచ్చారు. ఇంట్లోకి తియ్యటి సీసాలు రావడం ఆగింది. చిట్టి ఒక్కదానికే కాదు, ఇంట్లో ఎవరికోసమూ రాలేదు. మొదటి పది రోజులూ తండ్రే ఎక్కువ విసుక్కున్నాడు.

సెలవురోజుల్లో ఆయన చిట్టిని పనికి తీసుకెళ్ళసాగాడు. చెడిపోయిన లిఫ్టు దగ్గరకు వెళ్ళాలంటే మెట్లే గతి. పైన మోటారు గదిలో తండ్రి పనిచేస్తుంటే, పిల్ల కిందికి దిగి లిఫ్టు తలుపు మూసుకుంటోందో లేదో చూసి, మళ్ళీ ఎక్కివచ్చి చెప్పేది. మొదట్లో రెండో అంతస్తులో కూర్చుండిపోయేది. ఎవరూ తొందరపెట్టలేదు. లిఫ్టెలాగూ పైకి పోదు.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ పరీక్షలు చేశారు. మొట్టమొదటి పరీక్షతో పోలిస్తే బరువు కిలో మాత్రమే తగ్గింది. దర్జీ మొహం వాడిపోయింది. డాక్టరమ్మ మాత్రం కాగితం మీద రెండు అంకెల కింద గీతలు గీసి చూపించింది. లివర్ అంకె బాగా దిగింది, షుగరు గీతకు ఇవతలికి వచ్చింది.

"ఎత్తు కూడా పెరిగిందిగా, బరువు నిలకడగా ఉన్నా మంచిదే. లోపల బాగుపడుతోంది."

"అయితే నేనింకా లావేనా?" అంది చిట్టి.

"కొంచెం" అంది డాక్టరమ్మ దాచకుండా. "నీకేమైనా తేడా తెలుస్తోందా?"

చిట్టి ఆలోచించింది. "ఆరో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కుతున్నా. నాన్నే మూడులో ఆగుతున్నాడు."

తండ్రి గోడమీది బొమ్మల వైపు చూశాడు. డాక్టరమ్మ నవ్వి, "అయితే మీరు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి" అని ఆయన పేరు మీద ఇంకో చీటీ రాసిచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకోబోతుంటే దర్జీ తీసుకుని, అందులో ఏం రాసుందో మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది.