పెట్టెల వీధి తలుపులు

బుల్డోజరు తాయమ్మ ఇంటి ముందు ఆగేసరికి లోపల్నుంచి పులుసు వాసన వస్తూనే ఉంది. పొయ్యి మీద కుండ ఉంది, దండెం మీద చీర ఉంది, మంచం మీద తాయమ్మ మనవరాలు నిద్రపోతోంది. లేనిదల్లా తలుపు.

మునిసిపల్ ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఇంటిని ఎగాదిగా చూశాడు. "తలుపులు లేని కొంపలు. ఖాళీ షెడ్లు. కొట్టేయండి" అన్నాడు.

తాయమ్మ పరదా తోసుకుని వాకిట్లోకి వచ్చింది. "ఖాళీనా? అయితే నేనెవురు సామీ, దయ్యాన్నా? పరదా ఉండాది, కండ్లకు అగపడలేదా?"

"గుడ్డ తలుపవదమ్మా. తలుపుండి, లోపల గడియుంటేనే ఇల్లు. మాకూ రూల్సుంటాయి."

మనవరాలిని ఎత్తుకోవడానికి టైమిచ్చారు. కుండకు ఇవ్వలేదు.

ఎదురింటి షగుఫ్తా ఇదంతా తన తలుపు పట్టుకుని చూసింది. ఆ వీధిలో పట్టుకోవడానికి తలుపంటూ ఉన్నది ఆమెకొక్కదానికే.

ఆ రోజు రెండిళ్ళు నేలమట్టమయ్యాయి. షగుఫ్తా ఇంటిని బుల్డోజరు మర్యాదగా దాటుకుని పోయింది. మిగిలినవి ఎల్లుండి పడగొడతామన్నారు. రేపు పక్కన కొత్త కాంప్లెక్సు ప్రారంభోత్సవం మరి. పెద్దవాళ్ళు వచ్చే వేళకు దుమ్ము లేస్తే బాగుండదట.

చిత్తూరు మామిడి మండీకి వెనకవైపు ఉన్న ఆ సందును పెట్టెల వీధి అంటారు. మామిడికాయలు సర్దే చెక్కపెట్టెలు అక్కడే తయారవుతాయి. మగవాళ్ళు పలకలు కోస్తారు, ఆడవాళ్ళు మేకులు కొడతారు. కాయలు ఢిల్లీకి పోతాయి, నలిగిన వేళ్ళు చిత్తూరులోనే ఉంటాయి. సగం సాయిబుల ఇళ్ళు, సగం మండీ హమాలీల ఇళ్ళు. పండగలు వేరైనా అలవాటు మాత్రం ఒకటే: తెల్లవారి తెరిచిన తలుపును రాత్రి పడుకునేదాకా మూయరు. పగటిపూట తలుపు మూసి ఉందంటే ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి, లేదా మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటూ ఉండాలి. తక్కిన వేళంతా పరదాయే. దాని బయట నిలబడి దగ్గాలి, పేరు పెట్టి పిలవాలి, "రా" అంటేనే లోపలికి అడుగు పెట్టాలి. తాగివచ్చినవాడు కూడా పరదా ముందు ఆగి దగ్గుతాడు.

ఆ వీధి పక్కనే కాంట్రాక్టరు ధర్మేంద్ర నిలువెత్తు అద్దాల కాంప్లెక్సు లేపాడు. దాని ముందు శిల్పం పెట్టడానికి తిరుపతి నుంచి కోమలి అనే అమ్మాయిని పిలిపించాడు. రాయీ కంచూ ఆ పిల్లకు అక్కర్లేదు. పారేసిన చెక్కా, తుప్పుపట్టిన ఇనుమూ చాలు. ఆమె కన్ను పెట్టెల వీధి తలుపుల మీద పడింది. అవి ఎన్ని చేతులు చూసిన తలుపులో! చెదలు తిన్నచోటల్లా మామిడిపెట్టె పలక అతుకు వేసి, ఆ అతుకు మీద మళ్ళీ అతుకు వేసినవి.

"ఈ అద్దాల బిల్డింగుకు చేత్తో తెరిచే తలుపు ఒక్కటీ లేదు మేడమ్. దాని ముందు మీ తలుపుల్ని అర్ధచంద్రంలా నిలబెడతాను. మిగతా సగం అద్దంలో కనపడుతుంది. రెండూ కలిస్తే గుండ్రంగా ఒక వీధి" అంది కోమలి.

పెళ్ళయ్యాక షగుఫ్తాను మేడమ్ అన్నది ఆ పిల్లే. వీధిలో బి.ఏ. చదివిన ఆడది షగుఫ్తా ఒక్కతే. ఆ చదువు ఇంతకాలం రేషనుకార్డు అర్జీలు రాయడానికే పనికొచ్చింది. ఇప్పుడు కళకు పనికొస్తానంటే కాదంటుందా? ఇల్లిల్లూ తిరిగింది. "పరదా ఉండగా తలుపెందుకు? ధర్మేంద్ర సారు కొత్త ఇనుప తలుపులు పెట్టిస్తానన్నాడు. మన తలుపుల్ని పెద్దపెద్దోళ్ళు వచ్చి సూస్తారు" అంది. అందరూ నవ్వుతూ ఇచ్చారు. తాయమ్మ తన తలుపుకు పసుపు రాసి మరీ సాగనంపింది.

ఒక్క తలుపు మాత్రం కదల్లేదు. "మా తలుపుకు మొన్న రంజానుకే రంగేసినాం. ఆ పిల్లకు పాతవే కావాలంట, మాది వద్దనింది" అని చెప్పింది షగుఫ్తా. ఆ పిల్ల అలా అనలేదు. ధర్మేంద్ర నవ్వు చూసినప్పుడు షగుఫ్తాకు ఎక్కడో ఒక మూల అనుమానం తగిలింది. ఆ అనుమానంతో తన తలుపును కాపాడుకుంది. వీధికి చెప్పాల్సిన మాటను నోట్లోనే మింగేసింది.

ఇనుప తలుపులు రాలేదు. బుల్డోజరు వచ్చింది. కాంప్లెక్సుకు కార్లు నిలుపుకోవడానికి జాగా చాల్లేదు మరి. తలుపు పట్టుకుపోయినవాడే తలుపు లేదని ఇల్లు కూల్చడాన్ని కాగితాల మీద అభివృద్ధి అంటారు.

ఆ సాయంత్రం అందరూ పెట్టెలు కొట్టే షెడ్డులో చేరారు. చోటు చాలక కొందరు పలకల గుట్టలెక్కారు. హమాలీల సంఘం మునస్వామి ముందుకొచ్చాడు.

"అర్జీ పెడదామప్పా. కలెక్టరాఫీసుకు అందరం జతగా పోదాం."

"అర్జీ పెట్టి వచ్చేసరికి ఈడ కార్లు నిలబడి ఉంటాయి" అన్నాడు షగుఫ్తా మొగుడు నవాబ్. "గునపాలు తీసుకుని పోయి మన తలుపులు మనం పీక్కుందాం."

"పీకితే దొంగతనమని లోపలేస్తారబ్బా. వాళ్ళు పీకితే కళ, మనం పీకితే కేసు" అన్నాడు మునస్వామి.

అప్పుడే కోమలి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. గుమ్మానికి పరదా కూడా లేదు, అయినా దగ్గింది. తెలియక చేశానంది, ఏడ్చింది.

"ఏడ్సద్దులే గాని, నువ్వు చేసిన బొమ్మ యాడుండాదో చెప్పు" అంది తాయమ్మ. "తలుపులు తెరుసుకుంటాయా? గడియలుండాయా?"

"అన్నీ ఉన్నాయమ్మా. ఇనుప చట్రాలకు బిగించాను. తోసుకుని లోపలికి పోవచ్చు. మనుషులు వచ్చిపోవడానికని ఒక్కచోట ఖాళీ వదిలాను."

తాయమ్మ అందరినీ చూసింది. "వాడు ఏమన్నాడు? తలుపుండి, లోపల గడియుంటేనే ఇల్లన్నాడు. తలుపులు ఈడికి రాకపోతే మనమే ఆడికి పోదాం."

షెడ్డులో మాటలు మేకుల్లా కురిశాయి. పొయ్యి ఎవరు తేవాలి, బియ్యం ఎవరు తేవాలి, మండీ హమాలీలు ఎప్పుడు పని ఆపాలి?

"ఆ ఖాళీ జాగాలోంచి పోలీసులు దూరితే?" అన్నాడు మునస్వామి. షగుఫ్తా తల దించుకుంది. ఆమె ఇల్లు ఒక్కటే ఈ గొడవలో లేదు. ఊరికే ఉంటే చాలు, ఎల్లుండి కూడా బుల్డోజరు దాటుకునే పోతుంది. ఇంటికి పోయి అన్నం వండింది. కుండకు మూత పెట్టి, తలుపు దగ్గరికి పోయి కూర్చుంది.

పొద్దున కాంప్లెక్సు ముందు షామియానా వేసి, కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. పెద్దవాళ్ళు ఇంకా రాలేదు. పెట్టెల వీధి ముందే వచ్చేసింది. ఆడవాళ్ళు ఎవరి తలుపు వాళ్ళు గుర్తుపట్టి, తోసుకుని లోపలికి పోయారు. తలుపులకూ అద్దానికీ నడుమ జాగా సరిగ్గా వాళ్ళ వీధంత వెడల్పే ఉంది. పరదాలు కట్టారు. పొయ్యి వెలిగించారు. అద్దంలో ఇంకొక వీధి, ఇంకొక పొయ్యి.

ఖాళీ జాగా మాత్రం ఖాళీగానే ఉంది. కాంట్రాక్టరు మనుషులు దాన్ని చూసి అటు కదులుతున్నారు. అంతలో రోడ్డు మలుపులో ఒక ఆకుపచ్చ తలుపు నడుచుకుంటూ వచ్చింది. ముందు నవాబ్, వెనక షగుఫ్తా మోస్తున్నారు. ఆమె కొంగు తలమీంచి జారిపోయింది, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తాయమ్మ ఆ తలుపును చూసింది. "ఆ పిల్ల వద్దనిందంటివే?"

"అనలేదత్తా. నేనే ఇయ్యలా."

తాయమ్మ పక్కకు జరిగి తలుపుకు దారిచ్చింది. తిట్టి ఉంటే షగుఫ్తాకు కాస్త తేలికగా ఉండేది. కోమలి పరుగున వచ్చి తలుపు బందులు పక్క చట్రానికి ఆనించి పట్టుకుంది, నవాబ్ బిగించాడు. చంద్రవంక మూసుకుంది. షగుఫ్తా లోపలికి పోయి గడియ వేసింది. ఇప్పుడు పెట్టెల వీధిలో తలుపున్న ఇల్లు ఒక్కటీ లేదు.

పోలీసు జీపు వచ్చింది. లోపలున్న ఆడవాళ్ళను పట్టుకోవాల్సిన ఆడపోలీసులు పూతలపట్టు వైపు బందోబస్తుకు పోయారట, ఇంకా రాలేదు. బయట మండీ హమాలీలు తువ్వాళ్ళు నడుముకు బిగించి నిలబడ్డారు. మామిడి లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ధర్మేంద్ర చెమట తుడుచుకుంటూ, "తోసేయండి సార్, అది వట్టి బొమ్మ" అన్నాడు. నిన్నటి ఆఫీసు పెద్దమనిషి అతని పక్కనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆకుపచ్చ తలుపు దాకా వచ్చాడు. తలుపు మూసి ఉంది, లోపల ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. ఆయనా ఇల్లూ వాకిలీ ఉన్న మనిషే. చెయ్యి దానంతటదే లేచింది. తలుపు తట్టాడు.

"ఎవురూ?" అంది షగుఫ్తా.

"పోలీసు. గడియ తీయండమ్మా. ఇది మనుషులుండే చోటు కాదు."

"సార్," షగుఫ్తా గొంతు అందరికీ వినబడింది. "ఖాళీ కొంప తలుపు ఎవురైనా తడతారా?"

ముందు ఒక హమాలీ నవ్వాడు. ఆ నవ్వు షామియానా దాటి, లారీలు దాటి రోడ్డుకు పాకింది. మునస్వామి ఆఫీసు పెద్దమనిషి వైపు తిరిగి, "ఏం సామీ, తలుపుండాది, గడియుండాది. పోలీసాయనే తట్టినాడు. ఇంగేం కావల్ల ఇల్లు కావాలంటే?" అని అరిచాడు. పెద్దమనిషి కుర్చీల వెనక్కు జరిగాడు.

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. వ్యాను పిలవమన్నాడు, గ్యాసు కట్టరు తెమ్మన్నాడు. లోపల గడియలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. చావుకో కొట్లాటకో తప్ప పగటిపూట మూయని తలుపులు అవి.

వ్యాను రావడం ఖాయం. కేసులు పడడమూ ఖాయమే. మొదటి పేరు తనదే ఉంటుందని షగుఫ్తాకు తెలుసు. ఎదురుగా అద్దంలో తన నీడ, వెనక ఆకుపచ్చ తలుపు, పక్కన తాయమ్మ నీడ. తాయమ్మ ఇంటి గోడ మాత్రం ఏ అద్దంలోనూ లేవదు. షగుఫ్తా అలాగే నిలబడిపోయింది.

తలుపుల నడుమ సందుల్లోంచి బూట్లు కనిపిస్తున్నాయి. ఆడవాళ్ళు పెట్టె పలకలు అడ్డం పెట్టి మేకులు దింపడం మొదలుపెట్టారు. ఆ పని వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక సుత్తి, రెండు సుత్తులు, వీధంతా సుత్తులు.

తాయమ్మ ఒక సుత్తి తెచ్చి షగుఫ్తా చేతిలో కుక్కింది.

"సూస్తా నిలబడితే నా ఇల్లు లేస్తాదా మే? మేకు పట్టు."

షగుఫ్తా మేకు పట్టింది.