రేషను కార్డు నంబరు

ఆ వారం నేను చేయాల్సిన పనులు ఇవి. కుష్టు రోగుల కార్డుల మీద పేర్లు తీసేసి నంబర్లు వేయాలి. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలి. శుక్రవారం మాత్రలకు రావాల్సినవాళ్ల నంబర్లు ఆస్పత్రి తలుపుకు అంటించాలి. ఇంట్లో ఎవరి దగ్గరా నోరు విప్పకూడదు.

అన్నీ చేశాను. అది 1984. ధర్మవరం పక్కన ఒక ఊళ్లో చిన్న ఆస్పత్రి, అందులో నేను గుమాస్తాను. మా ఇంట్లో మొదట బి.ఎ. చదివింది నేనే.

ఏ నంబర్లు వేయాలో డాక్టరుగారు చెప్పలేదు. కొత్త నంబర్లు ఇస్తే రోగులు మరిచిపోతారనిపించింది. మూడేళ్లుగా వానల్లేవు, ఊరు రేషను బియ్యం మీదే బతుకుతోంది. అక్షరం రానివాళ్లకు కూడా తమ కార్డు నంబరు నోటికి వచ్చు, చూస్తే గుర్తుపడతారు. అందుకని ఎవరి రేషను కార్డు నంబరు వాళ్లకే వేశాను. మంచి ఉపాయమే అనుకున్నాను.

కదిరమ్మకు భర్త లేడు, పిల్లల్లేరు. రేషను కార్డులో ఆమె ఒక్కతే. ఈశ్వరప్ప మగ్గాల ఇంట్లో పట్టు పడుగులు అతికేది. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి, వేల పోగులు. ఆమె మోచేతి మీద మచ్చ తేలింది. మాత్రలతో పోతుందనీ, ఎవరికీ అంటదనీ డాక్టరుగారు చెప్పారు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

"మగ్గాలింట్లో తెలిస్తే నన్ను పట్టు ముట్టనీరు నాయనా. తెలీకుండా చూడు."

శుక్రవారం పొద్దున నేను వెళ్లేసరికి తలుపు ముందు పది మంది. అందులో ఒక్కరూ రోగి కాదు. రేషను డీలరు సోమప్ప కాగితం చూసి, దుకాణంలో పిలిచినట్టే గట్టిగా చదువుతున్నాడు.

"రెండు నూర్ల పదిహేడు."

"కదిరమ్మ" అన్నారు ముగ్గురు ఒకేసారి.

"మగ్గాలింటి కదిరమ్మేనాప్పా? పెద్ద రోగమా ఆయమ్మకు?"

మా ఇంటి బియ్యం అమ్మ తెచ్చేది. నేను ఒక్కరోజూ ఆ వరసలో నిలబడలేదు. అక్కడ మనిషిని పేరుతో కాదు, నంబరుతో పిలుస్తారని నాకు తెలియదు. శుక్రవారం మాత్రలు ఏ రోగానికో మాత్రం అందరికీ తెలుసు. కాగితం చింపేశాను. అప్పటికే అందరి నంబర్లూ చదివేశారు.

మధ్యాహ్నానికి ఈశ్వరప్ప ఇంటి నుంచి ఆమెకు పనికి రావద్దని కబురు వచ్చింది. నేను పరుగెత్తుకెళ్లి, అది అంటుకునే రకం కాదని డాక్టరుగారి మాటగా చెప్పాను. ఈశ్వరప్ప కసరలేదు.

"నువ్వు చదువుకున్నోడివి, కాదనను. పెండ్లిలో కట్టే చీరప్పా ఇది. ఆయమ్మ చెయ్యి తగిలిందంటే ఎవరు కొంటారో నువ్వే చెప్పు."

అక్కణ్నుంచి నేరుగా ఆమె దగ్గరికి వెళ్లాను.

కదిరమ్మ గుడిసెలో మూట కట్టుకుంటోంది. అక్క ఊరికి పోతానంది. తప్పు నాదేనని, పుస్తకం మాత్రం తాళంలోనే ఉందని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు.

"బీగం బాగానే ఏసినావులే. ఆ నంబరు రాసేటప్పుడు నన్నొక మాట అడిగింటే చెప్తాంటి గదా, అది ఊరందరి నోట్లో ఉండాదని."

మూడు నెలల మాత్రలు చేతికిచ్చాను. తీసుకుంది. తిరిగి చూడకుండా బస్సెక్కింది.

డాక్టరుగారికి అంతా చెప్పేశాను. మిగిలినవాళ్లకు చీట్లు తీయించి, కొత్త నంబరు ఒక్కొక్కరికీ విడిగా చెప్పాం. తలుపుకు కాగితం అంటించడం మానేశాం. ఆ మార్పు ఆమెకు ఉపయోగపడలేదు.

ఇక్కడ రాసిన పేరూ నంబరూ ఆమెవి కావు. చదివినవాళ్లు ఎప్పుడైనా పట్టుచీర కొంగు మీద చెయ్యి వేస్తే, పడుగులో అతుకు వేలికి తగలనివ్వని ఆ మనిషిని ఒకసారి తలుచుకోండి. ఎవరని మాత్రం అడగొద్దు.