రాగి చెంబులో ప్రళయం

ఆళ్లగడ్డలో శిలకు కన్ను తెరవడం చివరి పని. హారమూ కిరీటమూ పూర్తయ్యాక, ముహూర్తం చూసి, శిల్పి ఒక్కడే ఉలి పట్టి కనుపాపలు దిద్దుతాడు. దేవత తొలిచూపు అద్దంలో పడాలని నియమం. శిల్పి ఓబులేసు ఇంట ఆ పని ఎరిగినవాడు ఓబులేసు ఒక్కడే. కనుక ఆయన కళ్ళు ఆయన సొంతం కావు. ఇంకా పుట్టని దేవతలందరి ఉమ్మడి ఆస్తి.

నంద్యాల వ్యాపారి భాస్కరయ్య శెట్టి చేయించుకున్న పాలరాతి లక్ష్మికి మరునాడే ముహూర్తం. భక్తి పట్టలేక శెట్టిగారు స్వహస్తాలతో అమ్మవారి చెంపకు పసుపు పూశారు. పాలరాయి ఆ భక్తిని శాశ్వతంగా స్వీకరించింది. ప్రాయశ్చిత్తంగా ఆయన ఒక తెల్లని క్యాను మోసుకొచ్చారు: హైడ్రోజన్ పెరాక్సైడ్, యాభై శాతం.

"ఏందప్పా ఇది?" అన్నాడు ఓబులేసు.

"నీళ్ళే. గాలి రవ్వంత ఎక్కువ కలిసుంటాది. మరక బేగా పోతాది."

తండ్రి సమాధికి శిలువ చెక్కించుకోవడానికి వచ్చిన లూదియా తలెత్తింది. నంద్యాలలో పండ్లరసాలు ప్యాకెట్లకెత్తే కర్మాగారంలో ఆమె భద్రతాధికారిణి. ఆ ప్యాకెట్లను శుద్ధి చేసేది ఈ నీళ్ళే.

"శెట్టిగారూ, పుండు కడిగేదానికి మందులంగట్లో ఇచ్చేది మూడు శాతం. ఇది చర్మాన్ని కాలుస్తాది. కంట్లో పడితే చూపు పోతాది." సంచిలోంచి రక్షణ కళ్ళద్దాలు, రబ్బరు చేతొడుగులు తీసింది. "తగిలించుకోన్నా."

"రాళ్ళు ఎగిరి కొడితేనే పెట్టుకోలేదమ్మా. నీళ్ళకు పెట్టుకోమంటావా?"

"నీ కన్ను పోతే రేపు ఆయమ్మకు కన్నెవరు తెరుస్తారు? శెట్టిగారా?"

ఓబులేసు భాస్కరయ్య వైపు చూశాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చేతొడుగులను మాత్రం పక్కన పడేశాడు. అమ్మవారిని రబ్బరుతో తాకడం ఆయన వంశంలో లేదు. ప్లాస్టిక్ మగ్గు వాడటమూ లేదు. చింతపండుతో తోమిన రాగి చెంబులోకి క్యాను వంచాడు.

"రాగిలో వద్దన్నా," అంటూ లూదియా లేచింది.

మొదట ఏమీ కాలేదు. పిదప చెంబు గొణిగింది, బుసకొట్టింది. తెల్లని ఆవిరి స్తంభమై లేచి కప్పు రేకులను తాకింది. మరిగే నురుగు ఓబులేసు ముఖానికి ఎగిసి, సరిగ్గా కంటికి ఎదురుగా, అద్దం మీద చిట్లింది. రాగి తగిలితే ఆ ద్రవం తన ఊపిరినంతా ఒక్కసారిగా విడుస్తుందని ఏ పురాణమూ చెప్పలేదు. క్యాను మీది చీటీ చెప్పింది గాని, శెట్టిగారికి ధర తప్ప మరేదీ చదివే అలవాటు లేదు.

లూదియా ఆయనను కొళాయి కిందికి ఈడ్చి చాలాసేపు నీళ్ళు పారించింది. ముఖం ఎర్రబడటంతో సరిపోయింది. వేళ్ళ కొసలు పాలరాయిలా తెల్లబడ్డాయి.

"మిగిలింది క్యాన్లోకే పోసేదా?" అన్నారు భాస్కరయ్య, వృథా సహించలేక.

"పోస్తే క్యాను పేలుతాది. దూరంగా నిలబడండి. అది చల్లబడినాక శానా నీళ్ళు పోయాల."

ఓబులేసు కళ్ళద్దాలు తీసి వెలుతురుకు పట్టాడు. తన కంటికని బయలుదేరిన చుక్కలు అక్కడే ఆగి ఉన్నాయి. కొళాయి కింద కడిగి, వాటిని తన ఉలుల పక్కన పెట్టుకున్నాడు.

మరునాడు చెంప పసుపుగానే ఉంది; దాని జోలికి ఎవరూ పోలేదు. మండుతున్న వేళ్ళకు గుడ్డ చుట్టుకొని ఓబులేసు ఉలి పట్టాడు. కనుపాపలు మేలుకున్నాయి. భాస్కరయ్య అద్దం అందించబోయారు.

అవసరం లేకపోయింది. అమ్మవారి తొలిచూపు అప్పటికే అద్దంలో పడింది. ఆ అద్దం ఓబులేసు ముఖం మీద ఉంది.