తలుపు వేసి మాట్లాడుకునే భాష

సైరన్ మోగగానే రుదైనా పొయ్యి కట్టేసి మెట్లు దిగింది. నజరేతును ఆనుకుని కొండ మీదున్న ఆ ఊళ్లో, ఆ భవనంలో అరబ్బు ఆమె ఒక్కతే, మిగతా అందరూ యూదులే. భర్త పోయాక కూడా ఆమె అక్కడే ఉండిపోయింది. నేలమాళిగలోని షెల్టర్‌లో ఎదురింటి ఇలానా జరిగి చోటిచ్చింది.

అంతలో ఫోన్ మోగింది. అరబ్బుల ఊరు తమ్రాలో ఉండే తమ్ముడు జుబైర్.

"అక్కా, రాకెట్ మా వీధిలోనే పడింది. గోడ కూలి మా పిల్ల లమీస్ కాలు విరిగింది. మాకిక్కడ షెల్టరెక్కడ ఏడ్చింది? మెట్ల కిందే దాక్కున్నాం."

"అయ్యో, పిల్ల మాట్లాడుతోందా? ఫోను దానికివ్వు!" అని రుదైనా అరబ్బీలో అరిచినంత పని చేసింది.

షెల్టర్‌లో మాటలు ఆగిపోయాయి. కింది అంతస్తు గాబీ లేచి నిలబడ్డాడు. "ఇక్కడ హీబ్రూలో మాట్లాడు. ఎవరికి ఏం చేరవేస్తున్నావో మాకెలా తెలుస్తుంది?"

రుదైనా ఇలానా వైపు చూసింది. ఇలానా బాగ్దాదులో పుట్టిన మనిషి. తలుపు వేసుకుని కాఫీ తాగేటప్పుడు ఇద్దరూ అరబ్బీలోనే కబుర్లాడుకుంటారు. ఇప్పుడు ఇలానా తల వంచుకుని చెప్పుల వైపు చూస్తోంది. రుదైనా ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఇలానా ఖర్జూరం బిస్కెట్లు పట్టుకొచ్చింది. "గాబీ మాటలు పట్టించుకోకు. కొడుకు సరిహద్దులో ఉన్నాడు, భయంతో అన్నాడు."

"నాకు మాత్రం భయం లేదా? పిల్లకు దెబ్బ తగిలిందని నీకు అర్థమైంది కదా. ఆ ఒక్క ముక్క వాళ్లకు చెబితే నీదేం పోయేది?"

"చిన్నప్పుడు, ఈ దేశానికొచ్చిన కొత్తలో, మా నాన్న బస్సులో అరబ్బీ మాట్లాడితే సిగ్గేసి ఆయన నోరు నొక్కేసేదాన్ని. నాకా భాష వచ్చని నా మనవలకే తెలీదు, రుదైనా."

"మరి నేనెవరితో మాట్లాడాలి?"

ఇలానా బిస్కెట్ల పళ్లెం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ సైరన్. రుదైనా కిందికి వెళ్లలేదు. తన గుమ్మం ముందు మెట్టు మీదే కూర్చుని ఆసుపత్రిలో ఉన్న లమీస్‌కు ఫోన్ చేసింది.

"అత్తా, నా కట్టు మీద నర్సు పిల్లి బొమ్మ గీసింది. అది పిల్లిలా లేదు, మా నాన్నలా ఉంది!"

రుదైనా పకపకా నవ్వింది. ఆమె గొంతెత్తి మాట్లాడుతుంటే మెట్లన్నీ అరబ్బీతో మోగాయి. ఎదుటి తలుపు తెరుచుకుంది. ఇలానా రమ్మన్నట్టు చెయ్యి ఊపింది, నోరు మాత్రం విప్పలేదు. రుదైనా రానన్నట్టు తల ఊపింది. ఇలానా కాసేపు నిలబడి, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయింది. కింద ఇనుప తలుపు మూసుకుంది.

"అత్తా, సైరన్ వినిపిస్తోంది. ఒక్కదానివే ఉన్నావా?"

"లేదమ్మా, షెల్టర్‌లోనే ఉన్నా. అందరం కలిసే ఉన్నాం," అంది రుదైనా.