ఓబులేసు తరవాతి గుటక

నేను ఒక ఇత్తడి గిన్నెను. గిన్నె అంటే కూరగిన్నె అనుకునేరు. కింద గుండ్రటి పీట, దాని మీద కాడ, కాడ మీద లోతైన నోరు. చర్చీలో ప్రభువు బల్ల పెట్టే ఆదివారం ద్రాక్షారసం పోసేది నాలోనే. పోసేవాళ్ళు అనాలి. ఇప్పుడు పొయ్యటం లేదు.

నన్ను చేసినవాడు కాళాచారి అనే కంచరి. రేగులవాగు పల్లెలో ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికిరానివన్నీ ఏరి ఆయన కొలిమి ముందు కుప్పపోశారు. చిల్లుపడ్డ చెంబులు, పిడి ఊడిన గరిటెలు, ఎవరి అత్తదో ఆకులడబ్బా. అవన్నీ కరిగితే నేను. పాస్టరు నతానియేలు గారు కాయితం మీద నా బొమ్మ గీసి తెచ్చారు. కాళాచారి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏందయ్యా ఇది? దీపపు కుందా?"

"తాగే గిన్నె ఆచారీ."

"ఎవురు తాగటానికి?"

"మా సంఘంలో అందరూ."

"అందరికీ అంటే తలా ఒకటి పొయ్యాల. ఈ ఇత్తడి సాలదు."

"ఒక్కటే. అందరికీ ఒక్కటే."

కాళాచారి చేతిలో ఆకురాయి కింద పెట్టేశాడు. "ఎంగిలి గదయ్యా?"

పాస్టరు గారు నవ్వారు. "మాకు కావలసిందే అది."

కాళాచారికి అర్థం కాలేదు. అయినా పనిలో లోటు చెయ్యలేదు. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుందని నా లోపలంతా తగరంతో కళాయి పూశాడు. అంచు వేలితో తడిమి చూసుకున్నాడు. అంచు నునుపు తేలాలంటే పెదవి ఆనించి చూడటం వాళ్ళ పద్ధతి. నన్ను నోటిదాకా తెచ్చి, ఏం గుర్తొచ్చిందో, ఆపేశాడు. నా మొదటి పాఠం అది. పుట్టిన చోటే నేర్చుకున్నాను.

మీలో దేవుణ్ణి నమ్మనివాళ్ళుంటే నాకేం పేచీ లేదు. నేను లోహాన్ని. నాకు మోక్షం లేదు, నరకం లేదు, ఎవరినీ మతంలో కలుపుకోవలసిన పనీ లేదు. బల్ల మీద కూచుని విన్నది చెప్తాను. ఇష్టమైతే వినండి.

నతానియేలు గారు చెప్పేది ఇది. దేవుడు పైన కూచుని చూస్తూ ఉండలేక కిందికి దిగొచ్చాడు. పశువుల కొట్టంలో పుట్టాడు. వడ్రంగం చేశాడు. కుష్ఠు వచ్చినవాళ్ళను ముట్టుకున్నాడు. ఎవరింట్లో తినకూడదంటే వాళ్ళింట్లోనే తిన్నాడు. చివరికి చంపేశారు, మళ్ళీ లేచాడు. చంపబోయే ముందు రాత్రి ఒక గిన్నె తీసుకుని మీరందరూ దీంట్లోది తాగండన్నాడు. ఆ గిన్నెకు మారుగా నేను. చేతులు మారేటప్పుడల్లా జక్రయ్య అనే సంఘపెద్ద తెల్లగుడ్డతో నా అంచు తుడిచి, కాస్త తిప్పి, పక్కవాళ్ళకిచ్చేవాడు. తుడిస్తే పోతుందా? నా అంచు మీద పొడుం వాసన, బీడీ వాసన, తమలపాకు మరక. పెదవి తడుపుకుని పక్కకిచ్చే భక్తులున్నారు. దాహమేసినట్టు రెండు గుటకలు లాగే ముసలమ్మ ఉంది. పొద్దున పెళ్ళాన్ని కొట్టొచ్చి కళ్ళు మూసుకుని తాగినవాడూ ఉన్నాడు. అందరి ఎంగిలీ నాలోనే కలిసేది. నాకప్పట్లో గర్వంగా ఉండేది. అందరూ అంటే అందరూ అనుకున్నాను.

ఊరు మా పల్లెను దూరంగా పెట్టింది. మా పల్లె వాగు అవతల గూడేన్ని దూరంగా పెట్టింది. ఈ రెండో సంగతి చర్చీలో ఎవరూ ఎత్తరు.

ఆ గూడెం మనిషి ఓబులేసు. చర్చీ గేటు పక్కన గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో టీకొట్టు బయట మేకుకు ఒక గ్లాసు వేలాడుతుండేది. అది ఓబులేసుకూ, వాళ్ళ గూడెపోళ్ళకూ. తాగి, కడిగి, మళ్ళీ మేకుకు తగిలించి రావాలి. అట్లా బతికినవాడికి దేవుడి మాట చెబితే ఊరికే ఒప్పుకుంటాడా? కిటికీలోంచి నాకు మాటలన్నీ వినపడేవి.

"అయ్యగారూ, మీ దేవుణ్ణి మేకులు కొట్టి సంపారంటగా," అనేవాడు, నతానియేలు గారి తెగిన చెప్పులో ఆరె గుచ్చుతూ. "తనే దిగలేనోడు మమ్మల్నేం లేపుతాడు?"

"దిగిపోయేవాడైతే నీ బాధ ఆయనకెట్టా తెలుస్తుంది ఓబులేసూ?" ఒంటికాలి మీద నిలబడి అనేవారు పాస్టరు గారు.

"తెలిస్తే ఏం లాభం? మా ఎమ్మెల్యేకి గూడా తెలుసు."

పాస్టరు గారు కోప్పడేవారు కాదు. మర్నాడు ఇంకో చెప్పు తెచ్చేవారు. కొన్నాళ్ళకు బాగున్న చెప్పులే తెంపుకుని వస్తున్నారని ఓబులేసుకు అనుమానం వచ్చింది. ఒకనాడు ఆయన బావి దగ్గరి కథ చెప్పారు. మిట్ట మధ్యాహ్నం, ప్రభువుకు దాహం, ఒకావిడ నీళ్ళు తోడుకోవటానికి వచ్చింది. ఆవిడ జనం చేతి నీళ్ళు ఈయన జనం ముట్టరు. అయినా నాకు దాహమివ్వమ్మా అని ఈయనే అడిగాడు.

ఓబులేసు చేతిలో ఆరె ఆగింది. "ఆమె కుండలోయేనా?"

"ఆయన దగ్గర చేద కూడా లేదుగా మరి."

"తాగాడా?"

"అడిగాడని ఉంది ఓబులేసూ. తాగాడో లేదో రాయలేదు."

ఓబులేసు పగలబడి నవ్వాడు. "అదీ సంగతి! అడగటానికేం, ఓట్లప్పుడు అందరూ అడుగుతారు. తాగినోణ్ణి సూపియ్యండి."

అబద్ధమాడితే ఆ రోజే గెలిచేవారు నతానియేలు గారు. ఆడలేదు. అందుకే ఓబులేసు ఆయన్ని వినటం మొదలుపెట్టాడని నా నమ్మకం. తరవాత ఎప్పుడో చివరి రాత్రి సంగతి వచ్చింది. ఒకే గిన్నె. తనను పట్టించబోయేవాడూ ఆ బంతిలో ఉన్నాడు. అందరూ దాంట్లోదే తాగారు.

"అందరూనా?"

"అందరూ. అది మాత్రం రాసి ఉంది."

ఓబులేసు దారం పళ్ళతో తెంపి, చెప్పు ఆయన ముందు పెట్టాడు. "అయితే అయ్యగారూ, ఒకటే మాట. మీ సర్చీలో నేను తాగినాక ఆ గిన్నెలో ఎవురు తాగతారో సూపియ్యండి. ఆ రోజు నమ్ముతా."

పాస్టరు గారు చెప్పు తొడుక్కుని లోపలికొచ్చారు. బల్ల దగ్గర నిలబడి నన్ను చాలాసేపు చూశారు.

ఆ గిన్నెలో తాగాలంటే ముందు బాప్తిస్మం తీసుకోవాలి. ఓబులేసుకు వాగులో ఇచ్చారు. జక్రయ్యే కొత్త లుంగీ కొనిపెట్టాడు. జక్రయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట నేను మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. ఆదివారం చర్చీలోకి ఓబులేసు అడుగుపెట్టగానే భుజం మీద చెయ్యేసి అన్నాడు, "ఒరే ఓబులేసూ, లోపల ఉక్కగా ఉందిరా. గుమ్మం దగ్గర కూచో, గాలి తగులుద్ది."

గుమ్మం దగ్గరంటే చివర. నేను వరసలన్నీ తిరిగి చివరికి గాని అక్కడికి రాను. ఓబులేసుకు తెలిసిపోయింది. తెలిసీ కూచున్నాడు. నేను వచ్చాను, రెండు చేతులా పట్టుకుని తాగాడు. తాగి, నన్ను వదలకుండా, ఆ జనం వంక చూశాడు. జనమంతా తల వంచుకుని ప్రార్థనలో ఉన్నారు. అంత భక్తి నేను అంతకుముందు చూళ్ళేదు.

మిగిలింది చివర్న పాస్టరు తాగటం మా దగ్గర ఆనవాయితీ. నతానియేలు గారు బల్ల దగ్గరినుంచి గుమ్మందాకా నడిచి వచ్చారు. జక్రయ్య గుడ్డ తీశాడు. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టి, నన్ను తిప్పకుండా, ఓబులేసు పెదవి ఎక్కడ ఆనిందో అక్కడే పెదవి ఆనించి తాగారు. ఓబులేసు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

అప్పటినుంచీ ఏళ్ళ తరబడి అదే వరస. ఓబులేసు గుమ్మం దగ్గర, అతని తరవాత ఒక్క పాస్టరు. "ఒక్కడు తాగతన్నాడు గదన్నా, నాకు సాలు," అని జక్రయ్యతో అనేవాడు. జక్రయ్య ఆ మాట విననట్టు వాన గురించి మాట్లాడేవాడు. ఒక దేవుడి మీద నమ్మకం ఒక మనిషి పెదవి మీద ఆనుకుని ఉంటే, ఆ మనిషి పోయిననాడు ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

నతానియేలు గారు పోయారు. గుండెపోటు.

కొత్త పాస్టరు జాన్ సుధీర్ పట్నంనుంచి వచ్చాడు. కుర్రాడు, కష్టపడే మనిషి. రేకులు తీయించి స్లాబు వేయించాడు, కుర్చీలు తెప్పించాడు. కొత్తవాళ్ళు రావాలని ఆయన తపన. ఊళ్ళోంచి ఒకటి రెండు పెద్ద కుటుంబాలు వచ్చి వెనక కూచుంటున్నాయి. వాళ్ళకు గిన్నె దగ్గర ఇబ్బంది. పైగా కళాయి పోసేవాళ్ళు ఊళ్ళమీదికి రావటం మానేశారు. నా అడుగున పచ్చగా చిలుము లేచింది. పెద్దలు నన్ను మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నారు. ఆరోగ్యం అన్నారు. జబ్బులన్నారు. కులం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. తరవాతి నెల పళ్ళెంలో వేలెడంత ప్లాస్టిక్ కప్పులొచ్చాయి.

జక్రయ్య సంబరంగా ఓబులేసు చెయ్యి పట్టుకుని ముందు వరసకు లాక్కొచ్చాడు. "ఇంగ నువ్వు యాడైనా కూచోవచ్చురా! ఎవరి కప్పు వాళ్ళదే. గొడవే లేదు."

ఓబులేసు ఆ కప్పును రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. "టీకొట్టోడు గూడా మేకు పీకేశాడన్నా. ఇప్పుడు అందరికీ ఇట్టాంటియ్యే ఇస్తన్నాడు. తాగటం, పారేయటం." నిండు కప్పు నిండుగానే పళ్ళెంలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

సుధీర్ గోనెపట్టా దగ్గరికెళ్ళి మంచిగానే చెప్పాడు. "విశ్వాసం గిన్నెలో ఉండదు బ్రదర్. హృదయంలో ఉంటుంది."

"హృదయం నాకు కనపడదు గదయ్యా. గిన్నె కనపడుద్ది."

నన్ను క్రిస్మస్ చుక్కలతో పాటు ట్రంకుపెట్టెలో పడేశారు. ఎన్నాళ్ళున్నానో తెలియదు. ఒక మధ్యాహ్నం జక్రయ్య పెట్టె తీశాడు. చింతపండు పెట్టి నన్ను కసిగా తోమాడు. ఓబులేసు ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. పెళ్ళాం సుంకులమ్మ చేత కబురంపాడు. పాత గిన్నెలో బల్ల తీసుకుంటాడట. తన తరవాత జక్రయ్యన్న తాగాలట. వేరే కోరిక లేదట. సుధీర్ సభలకు వెళ్ళి ఉన్నాడు. మీరే ఇచ్చెయ్యండన్నా అని ఫోన్లో చెప్పాడు.

వాగు దాటాం. సుంకులమ్మ తలుపు పక్కకు తప్పుకుంది. జక్రయ్య మంచం మీదే కూచున్నాడు. ఓబులేసు తల ఎత్తి తన మోచేతి మీద పెట్టుకున్నాడు, చొంగ కారుతుంటే తన కండువాతో తుడిచాడు. ప్రార్థన చేస్తూ ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు నాలో పడ్డాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఓబులేసు నా అంచు పట్టుకుని రెండు గుటకలు తాగాడు. తాగి, తల దించకుండా, జక్రయ్య మొహంలోకి చూస్తూ ఉన్నాడు.

జక్రయ్య నన్ను తీసుకున్నాడు. తల వెనక్కి వాల్చాడు. నన్ను జానెడు పైకెత్తి నోట్లోకి పోసుకున్నాడు.

చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన తాగుడు. ఏ ఇంటికెళ్ళినా ఏ చెంబు ఇచ్చినా ఆయన చెయ్యి అట్లాగే లేస్తుంది. ఆయనకు తెలియనే తెలియదు, తాగాననే అనుకున్నాడు.

ఓబులేసు నవ్వాడు. "మంచిదన్నా. ఒక్క సుక్క కిందపడకుండా పోసుకున్నావు."

అప్పుడు తెలిసింది జక్రయ్యకు. నన్ను దించి లోపలికి చూశాడు. నా అడుగున ఇంకో గుటకుంది. నేను ఆయన పెదవి వంక చూస్తున్నాను, ఓబులేసు చూస్తున్నాడు, సుంకులమ్మ చూస్తోంది. నన్ను మూతిదాకా తెచ్చాడు. ఆయన ఊపిరి నా అంచుకు వెచ్చగా తగిలింది. అక్కడే ఆగిపోయాడు. ఆయనకు ఇష్టం లేక కాదు. ఆ చెయ్యి ఆయన మాట వినలేదు.

ఓబులేసు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "పోయిరా అన్నా. ఎండెక్కుతా ఉంది."

మిగిలిన రసం తాగేవాళ్ళు లేకపోతే, ఎక్కడబడితే అక్కడ పారబోయకూడదు, శుభ్రమైన నేలకు పొయ్యాలి. జక్రయ్య బయటికొచ్చి గుడిసె పక్కన కూచుని దాన్ని మట్టిలో వంచాడు. ఓబులేసు తరవాత నాలోంచి తాగింది ఆ మట్టి. వారం తిరక్కుండా అతణ్ణీ దాంట్లోనే పెట్టారు. జక్రయ్య సమాధి దగ్గర తల బాదుకుని ఏడ్చాడు. ఆ తరవాత ప్రభువు బల్ల నాడు ఆయన చర్చీకి రావటం మానేశాడు.

ఇప్పుడు నేను చర్చీ వాకిట్లో గాజుపెట్టెలో ఉన్నాను. తళతళలాడుతున్నాను. కింద అట్టముక్క మీద ఒకే గిన్నె, ఒకే సంఘం అని రాసి ఉంది. కొత్తవాళ్ళొస్తే సుధీర్ నన్ను చూపించి, మా పెద్దలంతా ఒకే గిన్నెలో తాగేవాళ్ళండీ, అంత ప్రేమ అని చెప్తాడు. మొన్న ఒకావిడ మూతి ముడిచి, "అబ్బా, అందరి ఎంగిలీనా?" అంది. "ఆ రోజులు వేరమ్మా," అని ఆయన నవ్వేశాడు.

దాహమడిగినవాడి కథ నిజమేనని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఒక మనిషి తుడవకుండా తాగటం నేను చూశాను గదా. కానీ మీరు కొత్తగా వచ్చి ఈ గాజు ముందు నిలబడితే, అట్ట మీద రాసింది చదివి మురిసిపోకండి. లోపలికెళ్ళి, నేను తాగిన గిన్నెలో నా తరవాత ఎవరు తాగుతారని అడగండి. వాళ్ళు మీకు మంచి కుర్చీ వేస్తారు. ఆరోగ్యం సంగతి చెప్తారు. హృదయం సంగతి చెప్తారు. పళ్ళెంలో మీ కప్పు మీకిస్తారు.