తెర వెనక నేర్చిన అడుగు

నేను ఒక తెరను. నాటకాల్లో తళతళలాడుతూ లేచి దిగే జరీ తెరను కాను, అంత వైభోగం నాకెక్కడిది! రెండు ఇనప స్తంభాల మధ్య తాళ్ళతో బిగించి కట్టి, ఎదురుగా యంత్రం పెట్టి నా మీద సినిమా బొమ్మ వేసేవారు. పుట్టింది మిల్లులో. నాలుగు పన్నాల తెల్లగుడ్డ తెస్తే మస్తాన్ సాయిబు అనే దర్జీ వాటిని అడ్డంగా కలిపి కుట్టాడు. కుట్టు ఒకటి సరిగ్గా నడిమధ్యన పడింది. దాంతో నా మీదకొచ్చిన ప్రతి కథానాయికకీ ముక్కు మీదుగా ఒక గీత! జనం రెండు వారాలు నవ్వారు. మూడో వారం నుంచి వాళ్ళకి ఆ గీత కనిపించడం మానేసింది. మనుషులు దేనికైనా ఇట్టే అలవాటు పడిపోతారు.

నన్ను కొన్నది విశాఖపట్నానికి అవతల ఒక రైల్వే కాలనీలో ఉన్న ఇన్‌స్టిట్యూట్. పొగ ఇంజన్ల రోజులవి. ఇన్‌స్టిట్యూట్ అంటే ఒక పెద్ద హాలు, అందులో నున్నటి టేకు చెక్కనేల, ఓ మూల పియానో. ఆంగ్లో-ఇండియన్ డ్రైవర్లూ గార్డులూ పండగలకి ఆ నేల మీద అడుగు సులువుగా జారేలా కొవ్వొత్తి తురుము చల్లి, మూడు దెబ్బల తాళానికి జంటలు జంటలుగా వాల్ట్జ్ డాన్సు ఆడేవారు. శనివారం పొద్దు గుంకగానే నన్ను వెనక పెరట్లో కట్టేవారు. అన్నీ ఇంగ్లీషు సినిమాలే, ఏది చూసినా అందులో ఓ డాన్సు హాలు ఉండాల్సిందే. నా ముందు కుర్చీలు మెంబర్లకి. నా వెనక, ఇంజన్ల నుంచి దులిపిన బొగ్గు బూడిద పరిచిన ఖాళీ జాగా మిగతా ప్రపంచానికి.

పల్చని గుడ్డను కదా, బొమ్మ రెండు వైపులా కనిపించేది. వెనక కాస్త మసక, అంతే. కాకపోతే ఒక చిక్కుంది. వెనక కూర్చున్నవాళ్ళకి అంతా అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది. ముందువాళ్ళకి కుడిచెయ్యి ఎత్తినవాడు వెనకవాళ్ళకి ఎడమచెయ్యి ఎత్తుతాడు. ఈ సంగతి ఆ బూడిదలో కూర్చున్న ఏ ఒక్కరికీ తెలియదు. అక్షరాలు చూస్తే తెలిసిపోవాలి, నిజమే. కానీ అవి ఇంగ్లీషు అక్షరాలాయె! రానివాడికి అవి ఎటు తిరిగి ఉంటే ఏమిటి?

నన్ను ఉతికే పని పైడమ్మ వాళ్ళింటిది. తండ్రి ఇన్‌స్టిట్యూట్‌కి చాకలి. పదహారేళ్ళ పైడమ్మ నెలకోసారి నన్ను గెడ్డకి, అంటే ఊరి వాగుకి, మోసుకెళ్ళి, బండకేసి బాది, నీలిమందు పెట్టి ఆరేసేది. మిగతా బట్టల్ని ఎలా బాదేదో గానీ, నన్ను మాత్రం మూడేసి దెబ్బల చొప్పున బాదేది. మొదటిది గట్టిగా, తర్వాత రెండూ మెల్లగా. శనివారం నా వెనక కూర్చుని చూసిన వాల్ట్జ్ సోమవారానికి ఆమె చేతుల్లోకి దిగేదన్నమాట.

ఒక శనివారం సినిమాలో జంటలు గిర్రున తిరుగుతుంటే, పైడమ్మ ఉండబట్టలేక లేచి, ఒక్కతే చేతులు చాచి బూడిదలో అడుగులు వేస్తోంది. ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్ సింహాద్రి కూడా నా వెనక మనిషే. అతను చూశాడు.

“ఒక్కదానివీ ఏటా తిరుగుడు? పడిపోగలవు. సెయ్యి ఇలా ఇయ్యి,” అన్నాడు.

“నీకొచ్చేటి?”

“నువ్వు సూసిందే నానూ సూసినాను.”

నిజంగానే వచ్చు. అతను కుడిచెయ్యి చాచాడు, ఆమె ఎడమచెయ్యి అందులో పెట్టింది. ఇద్దరూ ఒక్క చోటే నేర్చారు గనక ఒకరి అడుగు మరొకరి అడుగులో తాళం చెవిలా ఇమిడిపోయింది. నా ముందు వైపు కుర్చీల్లో వాళ్ళలో కూడా అంత పొందిక నేను చూడలేదు. రెండేళ్ళకి వాళ్ళ పెళ్ళయింది.

పెళ్ళయిన ఏడే ఇన్‌స్టిట్యూట్‌కి పాతికేళ్ళు నిండాయి. పియానో వాయిస్తూ డాన్సు నేర్పే డోరిన్ మిస్సమ్మ మంచి మనిషి. స్టాఫులో ఎవరైనా సరే, ఈసారి భార్యతో వచ్చి చెక్కనేల మీద డాన్సు నేర్చుకోవచ్చని బోర్డు పెట్టించింది. పైడమ్మకి ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు. ఆమె ఏనాడూ నగ కావాలనలేదు, పట్టుచీర కావాలనలేదు. ఆ దీపాల కింద, ఆ నున్నటి చెక్క మీద, ఒక్కసారి సింహాద్రితో తిరగాలని మాత్రం ప్రాణం పెట్టి కోరుకుంది. వానొచ్చేలా ఉందని ఆ రోజు నన్ను హాల్లోనే కట్టారు, కాబట్టి జరిగిందంతా దగ్గరుండి చూశాను.

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఆచారం ఉండేది. మొదటి పాటకి మొగుడూ పెళ్ళామూ కలిసి ఆడకూడదు. కొత్తవాళ్ళకి బెరుకు పోవాలని గాజు జాడీలో చీటీలు వేసి జతలు తీసేవారు. పైడమ్మకి ఒక గార్డు పడ్డాడు, సింహాద్రికి ఆ గార్డు భార్య. పాట మొదలైంది. గార్డు ఎడమచెయ్యి చాచాడు, పైడమ్మా ఎడమచెయ్యే చాచింది. అతను ముందుకేసిన కాలు నేరుగా ఆమె పాదం మీద పడింది. “ఆ కాల్ కాదు డార్లింగ్, రైట్ కాల్!” అని పియానో దగ్గర్నుంచి మిస్సమ్మ కేక పెట్టింది. పాపం, పైడమ్మకి తెలుసు ఏది కుడో ఏది ఎడమో. కాళ్ళు వింటేగా!

ఇంకో చిత్రం చూడండి. డాన్సు హాల్లో జంటలన్నీ గుడి చుట్టూ అప్రదక్షిణం చేస్తున్నట్టు ఒకే దిక్కుకి తిరుగుతాయి. నా వెనక నుంచి చూసినవాళ్ళకి మరి అది ప్రదక్షిణమే కదా! పైడమ్మ గార్డునీ, సింహాద్రి గార్డు భార్యనీ లాక్కుంటూ అందరికీ ఎదురు నడిచారు. ఎదురొచ్చిన ప్రతి జంటనీ గుద్దుకున్నారు. చివరికి నిమ్మరసం గ్లాసులున్న బల్ల దభీమని పడింది.

ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ గారు కోటు తుడుచుకుంటూ, “బూడిదలో తిరిగే కాళ్ళకి చెక్కనేల ఎందుకయ్యా!” అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అయినా హాలంతా వినపడింది, హాలంతా నవ్వింది.

“ఎల్దుం రా పైడీ,” అన్నాడు సింహాద్రి తల వంచుకుని. “మన కాల్లే అంత.”

మిస్సమ్మ గుమ్మం దాకా పరిగెత్తింది గానీ వాళ్ళు ఆగలేదు.

అంత మందిలో అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే. వాళ్ళ కాళ్ళలో ఏ లోపమూ లేదు. కూర్చోబెట్టిన చోటే అలాంటిది. చెప్పడానికి నాకు నోరేదీ? తర్వాత కూడా వాళ్ళు శనివారాలు నా వెనక్కే వచ్చారు, కూర్చున్నారు, చూశారు. లేచి అడుగు మాత్రం వెయ్యలేదు.

టీవీలొచ్చాయి. పెరట్లో సినిమాలు ఆగిపోయాయి. “మసిగుడ్డలకి పనికొస్తుంది, పట్టుకుపో,” అని నన్ను పైడమ్మ మొహాన పడేశారు. ఆమె చింపలేదు. ఇస్త్రీ బట్టల మీద కప్పుగుడ్డనయ్యాను, రెండు పెళ్ళిళ్ళలో వంటవాళ్ళకి చాటునయ్యాను, ముగ్గురు పిల్లలకి ఉయ్యాలనయ్యాను. ఎప్పుడైనా రేడియోలో మూడు దెబ్బల తాళం వినిపిస్తే సింహాద్రి మెల్లగా చెయ్యి చాచేవాడు. పైడమ్మ “సాల్లే, సంబడం” అని పొయ్యి వైపు తిరిగిపోయేది. అలా యాభై ఏళ్ళు గడిచాయి.

ఇప్పుడు కాలనీలో ప్రజ్ఞ అని ఒక బ్యాంకు ఉద్యోగి ఉంది. ఇరవై మంది కుర్రకారుని పోగేసి, ఆదివారాలు ఆ పాత హాల్లోనే సినిమా వేసి, తర్వాత వాల్ట్జ్ నేర్పుతుంది. ఆ సినిమాలు నిజంగా పాతవి కూడా కావు, పాతవాటిలా కనపడాలని ఈమధ్యే తీసినవి. నలుపూ తెలుపూ, మీదనుంచి కావాలని పెట్టిన గీతలు! మా రోజుల్లో రీలు మీద గీత పడితే ఆపరేటరుకి చీవాట్లు పడేవి. వీళ్ళు అదే గీతని చూసి “అబ్బ, ఎంత బాగుందో!” అని మురిసిపోతున్నారు. వాళ్ళ చుక్కల గౌన్లు ఇస్త్రీకి వచ్చేది పైడమ్మ బండికే. అక్కడే ప్రజ్ఞ నన్ను చూసింది.

“అమ్మమ్మా, ఇంత పెద్ద దుప్పటేంటి?”

“దుప్పటి కాదమ్మా, తెర. దీని మీద సినిమాలు ఏసీవోరు.”

ప్రజ్ఞ ఎగిరి గంతేసింది. వచ్చే వారం ఆ హాల్లో చెక్కనేల పీకేసి టైల్స్ వేస్తారని, ఈ ఆదివారమే ఆఖరి డాన్సని, నన్ను ఇవ్వాలని, పైడమ్మనీ తాతగారినీ కూడా రమ్మని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“తెర అట్టుకెల్లు. మేవూ ఒత్తాం. డేన్సు మాట మాత్తరం ఎత్తకమ్మా,” అంది పైడమ్మ. “మా కాల్లు సెక్కనేలకి పనికిరావు.”

సెక్రటరీ పోయి ఇరవై ఏళ్ళు. ఆయన మాట మాత్రం ఆమె నోట్లో చెక్కుచెదరకుండా ఉంది.

ఆదివారం సాయంత్రం హాలుకీ వెనక వరండాకీ మధ్య ఉన్న పెద్ద గుమ్మానికి నన్ను కట్టారు. ప్రజ్ఞ ముందు వరసలో రెండు కుర్చీలు అట్టేపెట్టింది. పైడమ్మా సింహాద్రీ వాటి వంక చూడనైనా చూడలేదు. చుట్టూ తిరిగొచ్చి, వరండాలో నా వెనక చతికిలబడ్డారు. పొమ్మన్నవాళ్ళెవరూ లేరు. అలవాటు, అంతే.

ఆ రోజు వేసింది తెలుగు సినిమా. పేర్లు పడ్డాయి. సింహాద్రి రిటైరయ్యాక రోజూ పేపరు మొదట్నుంచి చివరిదాకా చదివే మనిషి. ఉలిక్కిపడి ముందుకి వంగాడు.

“ఒలే పైడీ, అచ్చరాలు తిరగబడిపోనాయేటే?”

“మెసీను పాడైపోనాదేమో.”

సింహాద్రి మోకాళ్ళు పట్టుకుని లేచాడు. నా అంచు పక్కనుంచి తల పెట్టి ముందు వైపు చూశాడు. వెనక్కొచ్చి చూశాడు. మళ్ళీ ముందుకెళ్ళాడు. ఈలోగా నా మీద ఒక జంట వాల్ట్జ్ మొదలుపెట్టింది. అతను అటొకసారీ ఇటొకసారీ చూసి, తన రెండు చేతుల్నీ చూసుకుని, పెళ్ళాం పక్కన కూలబడ్డాడు.

“అటేపు ఎడం సెయ్యి, ఇటేపు కుడి సెయ్యి. మనం అద్దంలో సూసి నేర్సుకున్నావే పైడీ! మన కాల్లు బాగానే ఉన్నాయే!” అన్నాడు.

పైడమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమెకి కోపం వచ్చింది.

“యాభై ఏల్లు మావా! యాభై ఏల్లు నా కాల్లని నానే తిట్టుకున్నాను!” అంటూ కొంగు బిగించి లేచింది. “లెగు.”

“ఇప్పుడేటే? నా మోకాలు...”

“లెగమన్నానా!”

సినిమా అయ్యేదాకా ఆమె మళ్ళీ కూర్చోలేదు. అది అయిపోయాక హాల్లో జంటలన్నీ అప్రదక్షిణంగా తిరుగుతున్నాయి. ముసలివాళ్ళిద్దరూ చెప్పులు గుమ్మంలో విడిచి చెక్కనేల ఎక్కారు. అతను కుడిచెయ్యి చాచాడు, ఆమె ఎడమచెయ్యి పెట్టింది. అందరికీ ఎదురు బయల్దేరారు. ఎదురొచ్చిన కుర్రజంట తడబడి ఆగింది.

“అమ్మమ్మా, అటు కాదు, ఇటు...” అంటూ వచ్చిన ప్రజ్ఞ వాళ్ళ పాదాలు చూసి పక్కకి తప్పుకుంది. ఒక్క అడుగూ తప్పడం లేదు.

“మేం తెరెనకాల నేర్సుకున్నామమ్మా,” అన్నాడు సింహాద్రి ఆగకుండానే.

ప్రజ్ఞకి అర్థమయింది. చప్పట్లు కొట్టి, “అందరూ ఇటు తిరగండి! తాతగారు ఎటెళ్తే అటు!” అంది. ఇరవై మందీ తిరిగారు. ఇక చూడాలి తమాషా! ఆ రోజు కాళ్ళు తొక్కుకున్నదీ, సారీలు చెప్పుకున్నదీ, గోడకి గుద్దుకున్నదీ అంతా ముందు కుర్చీలవాళ్ళే. వాళ్ళ మధ్యనుంచి ఆ ఇద్దరూ హాలు చుట్టూ నిండుగా ఒక ప్రదక్షిణం చేశారు. రెండోదాంట్లో సింహాద్రి మోకాలు వణికింది. పైడమ్మ తన భుజం అడ్డం పెట్టి అదీ పూర్తి చేయించింది. అంత సంతోషంగా ఉన్న మనిషి ముఖం నేను నా మీద పడ్డ ఏ బొమ్మలోనూ చూడలేదు.

మర్నాడు పైడమ్మ నన్ను పెరట్లో బండ దగ్గరికి తీసుకెళ్ళింది. నేనింక ఒకటి రెండు ఉతుకులకు మించి ఆగను, నడిమి కుట్టు అప్పుడే విడుతోంది. నన్ను నీళ్ళలో ముంచి, పిండి, చేతుల్లో పట్టుకుని తేరిపార చూసింది.

“అటూ ఇటూ సూసింది నువ్వొక్కదానివే. నీకు తెలుసు. ఒక్క ముక్క సెప్పలేదు కదే!” అంది.

ఏం చెప్పను? నోరు లేదన్న సాకు నాకే చప్పగా అనిపించింది. ఆమె నన్ను తల మీదకెత్తి బండకేసి బాదింది. మొదటి దెబ్బ గట్టిగా. తర్వాత రెండూ మెల్లగా.